స్పితికి మనాలి నుంచి ఎక్కాలా, సిమ్లా నుంచా? (అనంతపురం నుంచి ఫ్యామిలీతో, సెప్టెంబర్)

క్లాక్‌టవర్_చాయ్ (అనంతపురం):
అందరికీ నమస్తే. హిమాచల్‌లోని స్పితి లోయకు పోదామని సెప్టెంబర్ రెండో సగంలో 12 రోజుల సెలవు ఖాయం చేసుకున్నాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల బాబు, నాన్న. నాన్నకు 64, బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు, అదుపులోనే ఉంది. సొంత డీజిల్ కారు. మన ఊరి పక్కనుంచి పోయే నేషనల్ హైవే 44 పట్టుకుంటే కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ మీదుగా అంబాలా దాకా ఒకటే రోడ్డు, ఆపైన మనాలి. మనాలిలో ఒక రాత్రి పడుకుని మర్నాడు అటల్ టన్నెల్ దాటి చంద్రతాల్ సరస్సు దగ్గర టెంట్లో దిగి, తర్వాత కుంజుం పాస్ ఎక్కి స్పితిలో ముఖ్యమైన ఊరు కాజా చేరాలని అనుకున్నాను. మా ఆఫీసులో ఒకాయన మాత్రం సిమ్లా, కిన్నౌర్ జిల్లా మీదుగానే వెళ్లమని ఒకటే పోరు. మనాలి నుంచి కాజా సుమారు 200 కిలోమీటర్లు, సిమ్లా నుంచి 420. డబుల్ దూరం తిరగడంలో లాభమేంటో ఎవరైనా విడమర్చి చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అన్నా, ప్లాన్‌లో కిలోమీటర్లన్నీ రాసినావు, ఎత్తులు ఒక్కటీ రాయలేదు. మన హార్సిలీ హిల్స్ 1265 మీటర్లు. మనాలి దాదాపు 2050. చంద్రతాల్ 4250 పైమాటే. అంటే ఒక్క పగటిపూటలో మనిషిని 2200 మీటర్లు పైకి తీసుకుపోయి ఆ రాత్రి అక్కడే పడుకోమంటున్నావు, అదీ టెంట్లో, అదీ 64 ఏళ్ల మనిషిని. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదనేది కొండల్లో తిరిగేవాళ్లందరూ పాటించే లెక్క. సిమ్లా దారిలో ఆ లెక్క దానంతటదే కుదురుతుంది. మొదటి రాత్రి నార్కండా 2700, రెండో రాత్రి కల్పా 2960, మూడోది తాబో 3280, నాలుగోది కాజా, 3700 చిల్లర. ఆ 420 కిలోమీటర్లు ఊరికే తిరగడం కాదు, ఒళ్లు అలవాటు పడడానికి ఇచ్చే టైమ్ అది.

గండికోట_రైడర్ (కడప):
ప్రతి స్పితి చర్చలోనూ ఇదే పాట. ఎంతమంది మనాలి నుంచి నేరుగా కాజా పోయి హాయిగా వస్తున్నారో చూస్తున్నారా? మేము ఫ్రెండ్స్ అందరం బైకుల మీద అట్లనే పోయినాం, ఒకడికి కాస్త తల నొచ్చింది, అంతే. 2020 అక్టోబర్‌లో అటల్ టన్నెల్ తెరిచాక రోహతాంగ్ పాస్ ఎక్కే బాధ కూడా పోయింది, 9 కిలోమీటర్ల సొరంగం దాటితే లాహౌల్ లోయలో ఉంటాం. మీరు చెప్పే కిన్నౌర్ రోడ్డు భద్రమా? 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర కొండ విరిగి హైవే మీద బస్సుపై పడింది, 28 మంది పోయారు. అదే ఏడాది జూలైలో బట్సేరి దగ్గర రాళ్లు దొర్లి తొమ్మిదిమంది టూరిస్టులు చనిపోయారు. ఎత్తుకు భయపడి రాళ్ల కిందికి పోతామా? నా మాట వినండి, మనాలిలో ఒకటికి రెండు రాత్రులు ఉండి నేరుగా కాజా పోండి. చంద్రతాల్ తిరిగొచ్చేటప్పుడు చూసుకోవచ్చు, అది మాత్రం బురుజు అన్న చెప్పింది కరెక్టే.

పెద్దాసుపత్రి_క్యాంటీన్ (కర్నూలు):
నేను మెడిసిన్ చదువుతున్నాను, అందుకని ఒళ్లు సంగతి మాత్రమే మాట్లాడతాను. రైడర్ అన్నా, మనాలిలో రెండు రాత్రులు కాదు, నాలుగు రాత్రులు ఉన్నా కాజాకి పెద్దగా అలవాటు పడరు, ఎందుకంటే మనాలి ఎత్తే తక్కువ. కాజాలో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. మీ ఫ్రెండ్‌కి తలనొప్పితో పోయింది, మంచిదే, కానీ ఈ ఎత్తుల జబ్బు ఎవరికి వస్తుందో ఎవరికి రాదో ముందే చెప్పలేం. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడు పడిపోతాడు, పక్కనున్న పెద్దాయన టీ తాగుతూ కూర్చుంటాడు.

చాయ్ అన్నా, నాన్నగారి బీపీ మాత్ర పేరు చూడండి. కొన్నింటిలో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉంటుంది. ఎత్తుల జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా ఆ పనే చేస్తుంది కాబట్టి రెండూ కలిపి వేసుకోవచ్చా లేదా అనేది మీ డాక్టరుగారే చెప్పాలి. పెద్దవాళ్లకు మామూలుగా ముందుజాగ్రత్తకి 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అడక్కుండా ముట్టుకోకూడదు. బాబుకి డోసు బరువును బట్టి ఉంటుంది, పిల్లల డాక్టర్ని అడగండి. ఎత్తుకి వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరగడం మామూలే, చిన్న మెషీన్ ఒకటి పెట్టుకోండి.

ఇంకొకటి, మనవాళ్లు కర్పూరం మూటగట్టుకుని పోతారు. వాసన చూస్తే ముక్కు తెరిపిగా అనిపిస్తుందే తప్ప రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఆ స్ప్రే డబ్బా ఆక్సిజన్ కూడా కొన్ని నిమిషాల ముచ్చటే. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా పైకి పోకుండా అక్కడే ఆగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు, నడుస్తుంటే తూలడం, మాట తేడా, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా కిందికి దిగాల్సిందే, అంతకు మించిన మందు లేదు.

కొండారెడ్డి_బురుజు:
డాక్టరమ్మ చివర్లో అన్న ఆ "కిందికి దిగాలి" దగ్గరే అసలు తేడా వస్తుంది. సిమ్లా వైపు నుంచి పోతూ తాబోలో నాన్నకి బాగాలేకపోయిందనుకో, బండి వెనక్కి తిప్పితే చాలు, ఎత్తు తగ్గుతూ వస్తుంది, రికాంగ్ పియోలో 2300 మీటర్ల దగ్గర జిల్లా ఆసుపత్రి ఉంది. మనాలి నుంచి కాజా చేరాక బాగాలేకపోతే? వచ్చిన దారినే వెనక్కి పోవాలంటే 4551 మీటర్ల కుంజుం మళ్లీ ఎక్కాలి, ఊపిరి ఆడని మనిషిని ఇంకో ఎనిమిదివందల మీటర్లు పైకి మోసుకుపోవడమే. లేదంటే కిన్నౌర్ వైపు దిగాలి, రైడర్ తమ్ముడు వద్దన్న ఆ రాళ్ల రోడ్డు మీదనే.

నిగుల్‌సరి మాట నిజం, కాదనను. కానీ అవి జూలై, ఆగస్టుల్లో, వానలు దంచికొట్టే రోజుల్లో జరిగినవి. అన్న పోయేది సెప్టెంబర్ చివరికి. పైగా ఖాబ్ దగ్గర సట్లెజ్‌ని వదిలి స్పితి నది పట్టుకున్నాక వానే తక్కువ, మన అనంతపురంలాగే వాన చాటు సీమ అది, అక్కడి బఠాణీ చేలకు మంచు కరిగిన నీళ్లే గతి.

గండికోట_రైడర్:
సెప్టెంబర్ అయితే మంచు సంగతేంటి మరి? సరే, ఫ్యామిలీ కాబట్టి దిగే దారి మాట ఒప్పుకుంటా. కానీ కుర్రాళ్లు నలుగురు పోతే మాత్రం నా ఓటు మనాలికే.

ఆదోని_లోడు (ఆదోని):
మీరందరూ మనాలి, సిమ్లా అని కొట్టుకుంటున్నారు, ఆ కొండ మొదలు దాకా చేరేదెట్లా అని ఒక్కరూ అడగలేదు. మాది ట్రాన్స్‌పోర్ట్ ఇల్లు, 44 మీద మా బండ్లు రోజూ తిరుగుతాయి. అనంతపురం నుంచి చండీగఢ్ రెండు వేల కిలోమీటర్ల పైన. పెద్దాయన, పిల్లోడు ఉంటే రోజుకి 600 దాటించొద్దు. అంటే పోను నాలుగు రోజులు, రాను నాలుగు రోజులు. 12లో ఎనిమిది పోతే మిగిలింది నాలుగు, నాలుగు రోజుల్లో స్పితి చూసి వస్తామనేది జరిగే పని కాదు. రోజులు తక్కువనే మనాలి షార్ట్‌కట్ మీద మనసు పోతోంది నీకు, అంతే కదా? కారు ఇంట్లో పెట్టు సామీ. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు అదే 44 మీదుంది, పొద్దున బయల్దేరితే రాత్రికి చండీగఢ్‌లో ఉంటావు. డబ్బు ఎక్కువనిపిస్తే అనంతపురంలోనే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కు, రెండు రాత్రుల్లో ఢిల్లీ. అక్కడ్నుంచి కొండ డ్రైవర్‌తో ట్యాక్సీ మాట్లాడుకో.

గండికోట_రైడర్:
డ్రైవర్‌ని పెట్టుకుంటే దాన్ని రోడ్ ట్రిప్ అనరన్నా, టూర్ ప్యాకేజీ అంటారు. సొంత స్టీరింగ్ పట్టుకుని పోవడంలోనే కదా ఉంది మజా అంతా. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

ఆదోని_లోడు:
తమ్ముడూ, గువ్వలచెరువు ఘాట్‌లో నడిపినంత మాత్రాన కాజా రోడ్డు నడిపినట్టు కాదు. ఒక పక్క కొండ, ఒక పక్క నది, ఒక బండి మాత్రమే పట్టే రోడ్డు, ఎదురుగా బస్సు. పైకి ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగేవాడే వెనక్కి తీయాలి. రివర్స్‌లో లోయ అంచున తీయగలవా, పక్కన నాన్న కూర్చుని అరుస్తుంటే? దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటే లైనర్లు కాలిపోతాయి, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులో దిగాలి. ఇవన్నీ వచ్చినవాడు నడపనీ, నాకేం అభ్యంతరం లేదు.

క్లాక్‌టవర్_చాయ్:
అన్నా మీ లెక్క చూశాక రాత్రంతా క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాం. ఒక్క డౌటు, సొంత కారైతే నాన్నకి తిండి సామాను మోసుకుపోవచ్చు కదా. ఆయన మ్యాగీ, మోమోలు తిని బతికే మనిషి కాదు. స్టవ్, బియ్యం, కందిపప్పు, రాగిపిండి వేసుకుందామని అనుకున్నాం.

ఉగ్గాని_బజ్జి (గుత్తి):
రాగిపిండి తీసుకుపోతే సరే, గెలకడానికి సంగటి కట్టె మర్చిపోవద్దు! జోక్ పక్కన పెడితే, కాజా ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకు పలుకే, కందిపప్పు గంటలు పెట్టినా మెత్తబడదు. కుక్కర్ లేకుండా వంట ఆశ వదులుకోండి. హోమ్‌స్టేల్లో అన్నం, పప్పు, చపాతీ వేడివేడిగా పెడతారు, థుక్పా అని నూడుల్స్ సూప్ ఉంటుంది, నాన్నగారికి అది నచ్చుతుందనే నా నమ్మకం. మీరు బొరుగులు, శనక్కాయల పొడి, నువ్వుల కారం, ఊరగాయ కట్టుకుంటే చాలు. విమానంలో ఊరగాయ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి. కుంజుం వైపు ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, చేతిలో నోట్లు ఉంచుకోండి. లదాఖ్‌లోలాగా బయటి ప్రీపెయిడ్ సిమ్ ఆగిపోయే గొడవ మాత్రం హిమాచల్‌లో లేదు.

కొండారెడ్డి_బురుజు:
చండీగఢ్ నుంచి లెక్క వేస్తే నార్కండా, కల్పా, తాబో, ఆపైన కాజాలో మూడు రాత్రులు. ఆ కాజా పగళ్లలో లాంగ్జా, హిక్కిం, కోమిక్, కీ మఠం, చీచం వంతెన పోయి సాయంత్రానికి కిందికి దిగి పడుకోవాలి. కోమిక్ 4500 పైన, అక్కడ గంట ఉండి రావచ్చు, పడుకోవద్దు. హిక్కిం పోస్టాఫీసు నుంచి బాబు చేత తాతయ్య పేరుకి కార్డు వేయించండి, మీ తర్వాత ఎప్పుడో ఇంటికి చేరుతుంది. తాబో మఠం క్రీ.శ. 996 నాటిది, దాన్ని ఊరికే దాటిపోవద్దు. ఏడోరోజు కుంజుం మీదుగా మనాలి, ఎనిమిదోరోజు చండీగఢ్. రానుపోను రెండు రోజులు తీసేసినా చేతిలో ఇంకా రెండు మిగులుతాయి, అవి కొండకే వదిలేయి, రోడ్డు మూసేస్తే పనికొస్తాయి.

రైడర్ మంచు అడిగాడు, మంచి ప్రశ్న. 2018లో సెప్టెంబర్ నాలుగో వారంలోనే లాహౌల్, స్పితిలో మంచు కురిసి వందలమంది ఇరుక్కుంటే హెలికాప్టర్లు వచ్చి తీసుకుపోయాయి. 2023 జూలైలో చంద్రతాల్ క్యాంపుల్లో దాదాపు మూడు వందలమంది చిక్కుకున్నారు. కాబట్టి మనాలి వైపు దిగడం ఇక్కడ కూర్చుని ఖాయం చేయొద్దు. కాజాలో ముందురోజు సాయంత్రం ట్యాక్సీవాళ్లనీ పోలీసులనీ అడిగి, కుంజుం తెరిచి ఉందంటేనే పో, లేదంటే వచ్చిన దారినే సిమ్లాకి దిగిపో. డీజిల్ కాజాలోనే నింపించు, అది దాటితే మనాలి దాకా బంకు లేదు.

క్లాక్‌టవర్_చాయ్:
కారు ఇంట్లోనే. దేవనహళ్లి నుంచి చండీగఢ్ టికెట్లు చూస్తున్నాం, సిమ్లా వైపు నుంచే ఎక్కుతాం. నాన్న బీపీ మాత్ర చీటీ తీసుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి పోతున్నాం. గొడవల్లా ఒక్కటే, చంద్రతాల్ లేకపోతే స్పితి ఎందుకని నాన్నే అలిగి కూర్చున్నారు. యూట్యూబ్‌లో చూపించింది నేనే మరి.

గండికోట_రైడర్:
దానికి అలగడం దేనికి? వారం రోజులు ఎత్తులో ఉన్నాక కాబట్టి కాసేపు ఆగితే ఏం కాదు, అక్కడ రాత్రి ఉంటేనే చలి, టెంటు, ఈ టెన్షనంతా. ఏడోరోజు తెల్లారుజామున ఐదింటికల్లా కాజా వదలండి. కుంజుం దిగాక సరస్సుకి పక్కదారి చీలుతుంది, బండి ఆగిన చోటు నుంచి చివర్లో కాస్త నడక. గంట ఉండి వచ్చేయొచ్చు. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి వాగులు పెరుగుతాయి, బాతల్ నుంచి గ్రాంఫూ దాకా వాగులు రోడ్డు మీదే పారుతుంటాయి, మధ్యాహ్నం ముదరకముందే ఆ ముక్క దాటేయమని డ్రైవర్‌కి చెప్పండి. చీకటి పడేలోపు మనాలి.