రాబ్, స్టీల్... షేడ్, షాడో: తేడా ఎట్లా పట్టుకోవాలి?

తుంగభద్ర_కర్నూలు:
బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, రాబ్–స్టీల్, బారో–లెండ్, షేడ్–షాడో, హిస్టారిక్–హిస్టారికల్ దగ్గరే మార్కులు పోతున్నాయి. డిక్షనరీలో అర్థాలు ఒకటే అనిపిస్తున్నాయి. వాక్యంలో ఏం చూసి తేల్చుకోవాలి?

అనంత_గ్రామర్:
అర్థం పక్కన పెట్టి, క్రియ తర్వాత ఏం వచ్చిందో చూడు తమ్ముడూ. స్టీల్ తర్వాత పోయిన వస్తువు వస్తుంది. రాబ్ తర్వాత పోగొట్టుకున్న మనిషో, చోటో వస్తుంది. దే స్టోల్ హర్ చైన్. దే రాబ్డ్ హర్. రెండూ ఒకే వాక్యంలో చెప్పాలంటే ప్రిపొజిషన్ మారుతుంది: స్టీల్ ఎ చైన్ ఫ్రమ్ హర్, రాబ్ హర్ ఆఫ్ హర్ చైన్. ఒక్క ఎఫ్ ఉన్న ఆఫ్, రెండు ఎఫ్‌లది కాదు. ప్యాసివ్‌లో ఇంకా జాగ్రత్త: 'మై ఫోన్ వాజ్ రాబ్డ్' తప్పు. ఫోన్ స్టోలెన్, మనిషి రాబ్డ్. రాబ్‌లో మామూలుగా బెదిరింపో బలవంతమో ఉంటుంది. బస్సులో తెలీకుండా జేబు కొట్టేస్తే అది స్టీలే.

బారో, లెండ్ మన దిక్కు తడబడేది ఇచ్చినా తీసుకున్నా 'బదులు' అనే అంటాం కాబట్టి. ఇచ్చేవాడిది లెండ్, తీసుకునేవాడిది బారో. లెండ్ మీ యువర్ పెన్ సరే. 'బారో మీ' కుదరదు, బారోకు మనిషి ముందు ఫ్రమ్ ఉండి తీరాలి.

గండికోట_కడప:
హిస్టారిక్ అంటే చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది. హిస్టారికల్ అంటే గతానికి సంబంధించినది, గొప్పదే కానక్కర్లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది: ఎ హిస్టారిక్ డే. ఆనాటి ఫైళ్లు, పటాలు హిస్టారికల్ రికార్డ్స్.

తుంగభద్ర_కర్నూలు:
థ్యాంక్స్ అన్నా. మరి కొండల వెనక వాన తక్కువ పడే చోటును రెయిన్ షాడో అంటారు కదా, రెయిన్ షేడ్ అని ఎందుకనరు?

అనంత_గ్రామర్:
షాడో ఏదో ఒకటి అడ్డం వస్తే దాని వెనక పడేది. దానికి అంచులుంటాయి, లెక్కపెట్టొచ్చు: టూ షాడోస్. షేడ్ అంటే ఎండ తగలని చల్లటి చోటు, ఈ అర్థంలో మామూలుగా బహువచనం రాదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద కూర్చుంటే ఇన్ ద షేడ్. సాయంత్రం నేల మీద సాగే మన నీడ షాడో.

నైరుతి రుతుపవనాల గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలావరకు తేమను అటు కురిపించేస్తుంది. ఇటు దిగేటప్పుడు వేడెక్కి పొడిబారుతుంది. కనుమలు అడ్డం, వాటి వెనక అనంతపురం. అందుకే షాడో.

రంగుల విషయంలో మాత్రం షేడ్స్ ఆఫ్ బ్లూ అని బహువచనం ఒప్పు. ఆప్షన్లలో అది కనబడితే తప్పని గుర్తు పెట్టేయొద్దు.