షూటింగుల్లో తిరుగుతూ కనిపెట్టిన చిన్న హోటళ్ళ పేర్లు బయటపెట్టాలా, వద్దా?

కెమెరాసంచి:
నేను సినిమాల్లో కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చేస్తా, ఏడాదిలో సగం లొకేషన్లు వెతికే రెక్కీలకీ అవుట్‌డోర్లకీ తిరుగుడే సరిపోతుంది, తిరిగినచోటల్లా తిన్నవాటి ఫోటోలు పెట్టడం ఎప్పట్నుంచో అలవాటు. ఈమధ్య తుని దాటాక హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఓ ఊళ్ళో కాకా హోటల్ ఫోటో పెట్టా. మొగుడూ పెళ్ళాం ఇద్దరే నడుపుతారు, పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ఒక పప్పు, ఒక పులుసు, ఒక వేపుడు, అంతే, ఒంటిగంటన్నర దాటితే గిన్నెలు కడిగేస్తారు. కింద కామెంట్లన్నీ "లొకేషన్ పెట్టన్నా", "పిన్ షేర్ చెయ్ బ్రో". నేను పెట్టలేదు. దానికి మా యూనిట్‌లోనే ఒకతను నాతో గొడవ పెట్టుకున్నాడు, వాళ్ళకి నాలుగు డబ్బులొస్తుంటే నీకేంటి నొప్పి, నువ్వొక్కడివే తినాలా అని. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పేరున్నవాటి గురించి నాకే అభ్యంతరం లేదు. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ బుట్ట భోజనం, విజయవాడ బాబాయ్ హోటల్లో వెన్న వేసి ఇచ్చే ఇడ్లీ, ఇవి ఎవరడిగినా చెప్తా, అడక్కపోయినా చెప్తా. కోనసీమ వైపు షూటింగ్ పడితే అంబాజీపేట వెళ్ళి పొట్టిక్కలు తినకుండా నేను తిరిగి రాను, పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన పిండి లోపలిదాకా పట్టి ఉంటుంది, చట్నీ లేకుండానే రెండు లాగించేయొచ్చు. ఉండటానికైతే పాత ఇళ్ళ కోసం కారైకుడి వెళ్ళినప్పుడు "ది బంగళా", పూరీలో పాత రైల్వే వాళ్ళ బీఎన్ఆర్ హోటల్, మనవైపు హార్స్‌లీ హిల్స్ మీద టూరిజం వాళ్ళ కాటేజీలు. పొద్దున్నే ఆ కొండ మీద పొగమంచులోంచి వచ్చే వెలుతురు కెమెరా పట్టుకునే ప్రతివాడూ ఒక్కసారన్నా చూడాలి. వీటన్నిటికీ పనివాళ్ళున్నారు, కౌంటరుంది, జనం వస్తే తట్టుకునే అలవాటుంది.

ఇద్దరు మనుషులు రెండు పొయ్యిల మీద వండే చోటికి వేలమందికి ఒకేసారి దారి చూపించడం మాత్రం నాకు సాయంలా అనిపించట్లేదు. ఆ హోటల్ పేరు వాళ్ళది. వాళ్ళని అడగాలి, వాళ్ళు సరే అంటేనే రాయాలి. మీరేమంటారు?

బాటసారి_బడ్జెట్:
అన్నా, ఏమీ అనుకోకు, నాకు ఈ వాదన అస్సలు నచ్చలేదు. నువ్వు తిరిగేది ప్రొడక్షన్ కారులో, తినేది వాళ్ళు రోజుకింతని ఇచ్చే బత్తా డబ్బుల్తో. నేను ప్రైవేట్ ఉద్యోగం చేసుకుంటూ రెండు నెలలకోసారి లీవు దొరికితే ఆర్టీసీ బస్సెక్కి ఊళ్ళు చూసేవాణ్ణి. బస్టాండ్ బయట ఏ హోటల్లో తినాలో తెలీక, హైవే ఫుడ్ కోర్టుల్లో మైదా పూరీకి ఎంత అడిగితే అంత ఇచ్చి, కడుపు పాడుచేసుకుని తిరిగినవాణ్ణి. నీలాంటివాళ్ళు ఒక్క పిన్ పెడితే నాలాంటోడికి ఒక పూట మంచి తిండి దొరుకుతుంది, ఆ డబ్బు కూడా ఆ ఇద్దరికే పోతుంది, అందులో ఎవరికి నష్టం?

ఇంకో మాట. నీకు ఆ హోటల్ చెప్పిందెవరు? ఎవరో లోకల్ డ్రైవరో, ప్రొడక్షన్ మేనేజరో చెప్పుంటాడు కదా. ఆయన ఆ ఇద్దర్నీ అడిగే నీకు చెప్పాడా? నీదాకా వచ్చేవరకూ ఫ్రీగా వచ్చిన మాట, నీ దగ్గరకొచ్చాక పర్మిషన్ కావాల్సిన మాట ఎట్లా అయింది?

గోదారిగట్టు:
మాది యానాం దగ్గరండి, నేను కెమెరాసంచి గారి పక్షమే. మా పులస సంగతే చూడండి. వరదనీళ్ళు వచ్చే రోజుల్లో సముద్రంలోంచి గోదారికి ఎదురీదుకుంటూ వచ్చే చేప, దొరికేదే ఆ కొద్ది నెలలు, ఇప్పుడైతే ఇంకా తక్కువ. పులస తినకపోతే పుట్టుకే దండగ అన్నట్టు వీడియోలు పెరిగిపోయాయి, ప్రతి హోటల్ బయటా పులస పులుసు అని బోర్డే. అంత చేప గోదార్లో ఉందాండి? ఒరిస్సా నుంచి ఐసులో వచ్చిన విలసని, అంటే సముద్రంలోనే పట్టేసిన అదే జాతి చేపని, పులసని చెప్పి అమ్మేస్తున్నారు, తెలియనోళ్ళు వేలకి వేలు పోసి తినేసి, ఏముంది ఇందులో అనుకుంటూ పోతున్నారు. నిజంగా మట్టిదాకలో పెట్టి, బెండకాయలేసి, రాత్రి వండి పొద్దున దాకా ఊరనిచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయండి, వాళ్ళు బోర్డులు పెట్టరు.

మారేడుమిల్లి కూడా అంతే. పచ్చి బొంగులో కోడిమాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుకుంటూ కాల్చాలి, నూనె చుక్క అక్కర్లేదు, తొందర మాత్రం పనికిరాదు. ప్రతిసారీ కొత్త బొంగు కొట్టుకు రావాలి. సెలవురోజుల్లో రోడ్డు పొడుగునా కార్లు ఆగి హారన్లు కొడుతుంటే ఆ కాల్చేవాళ్ళు ఎంతసేపని ఓపిక పడతారండి, సగం కాలినవి ఇచ్చేస్తారు. మంచి రుచికి జనం ఎక్కువైతే మొదట పోయేది ఆ రుచేనండి.

పాతబస్తీ_చాయ్:
నేనైతే బడ్జెట్ తమ్ముని దిక్కు. గోదారి అన్నా, పులస అంటే ఏట్ల దొరికేది, దొరికినంతే ఉంటది, పెంచుదామన్నా పెరగది. దోశ గట్ల కాదు కదా, పిండి ఎక్కువ రుబ్బుకుంటే అయిపాయె. మా దగ్గర రామ్ కీ బండి చూడుర్రి, మొజంజాహి మార్కెట్ కాడ తెల్లారుజామున తోపుడుబండి మీద దోశలు పోసేది, నైట్ షిఫ్టుల సాఫ్ట్‌వేరోళ్ళు, నైట్ షూటింగులు అయిపోయినంక వచ్చే మీ సినిమావాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నరు, ఇయ్యాల బండి కాదు, షాపులే ఉన్నయ్. చార్మినార్ కాడ నిమ్రా కేఫ్‌ల చాయ్ ఉస్మానియా బిస్కెట్ తినని టూరిస్టు లేడు, అయినా చాయ్ బాగనే ఉంటది.

2024 జనవరిల దుర్గం చెరువు దిక్కు రోడ్డు పక్కన భోజనం అమ్మే ఆమె ముచ్చట అందరికీ యాదికుంటది. వీడియోలతోని జనం విరగబడ్డరు, ట్రాఫిక్ జామైతుందని పోలీసులు బండి తీసెయ్యమన్నరు, ఆఖరికి ముఖ్యమంత్రే ఆమెను ఆడనే నడుపుకోనియ్యుర్రి అని చెప్పిండు. మరి పేరు బయటికి రాకపోతే ఆమెకోసం మాట్లాడెటోడు ఎవడు? పేరు లేని బండిని పోలీసులు తీసేస్తే ఒక్కరన్న అడిగిన్రా ఎప్పుడన్న?

కెమెరాసంచి:
అన్నా ఆ ఉదాహరణ రెండువైపులా ఉంది కదా. జనం విరగబడటం వల్లే కదా తీసెయ్యమనేదాకా వచ్చింది. ముఖ్యమంత్రి మాట ఒక్క బండికే దొరికింది, పక్కన అదే అన్నం అమ్ముకునే మిగతావాళ్ళ సంగతి?

@బాటసారి_బడ్జెట్, డ్రైవర్ నాకు చెప్పింది ఒక మనిషికి చెప్పడం. నేను వెళ్ళా, తిన్నా, ఆమెతో మాట్లాడా. నువ్వు నా పక్కన కూర్చుని అడిగితే నేనూ చెప్తా. నా పేజీలో పెడితే ఎవరికి చెప్తున్నానో కూడా నాకు తెలీదు, ఎంతమంది ఒకే ఆదివారం బయల్దేరతారో అసలు తెలీదు. ఈ రెండూ ఒకటే అంటే నేనొప్పుకోను.

చెన్నపట్నం_పాతకాపు:
మీరంతా జనం గురించే కొట్టుకుంటున్నారు, హోటళ్ళు పోయేది చాలాసార్లు జనం వల్ల కాదండీ, స్థలం వల్ల. మద్రాసులో తెలుగు సినిమా ఉన్న రోజుల్ని ఎరిగిన మనిషిని నేను. కెథీడ్రల్ రోడ్డులో ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్‌ఇన్ ఉండేది, కారు చెట్టుకింద ఆపితే కారు దగ్గరికే ట్రేలో టిఫిన్ తెచ్చిచ్చేవారు, ఒక కాఫీ చెప్పి మధ్యాహ్నమంతా కూర్చున్నా లేవమనేవారు కాదు, రచయితలు, అసిస్టెంట్ డైరెక్టర్లు, వేషాలకోసం తిరిగే కుర్రాళ్ళు అందరికీ అదే ఆఫీసు. ఊరంతటికీ తెలిసిన హోటలే, జనానికి లోటు లేదు. స్థలం ప్రభుత్వానిది, 2008లో మూతపడింది, ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా అని పార్కు ఉంది.

హంపీ అంతే. 2011లో బజారు మండపాల్లో ఉన్న ఇళ్ళూ కొట్లూ తినే హోటళ్ళూ కూల్చేశారు, తుంగభద్ర అవతల విరూపాపుర గడ్డెలో ఉన్న గెస్ట్‌హౌసులు 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తీసేశారు. వారసత్వ కట్టడాలు కాపాడాలి, అందులో న్యాయం ఉంది, నేను కాదనను. కానీ అక్కడ ఏళ్ళ తరబడి బొమ్మలు గీసుకుంటూ, రాసుకుంటూ ఉన్నవాళ్ళు ఆ చోట్ల గురించి సరిగ్గా ఒక్క పేజీ రాసిపెట్టి ఉంటే ఈరోజు మనకి అదైనా మిగిలేది. అందుకే నేను రాయమనే అంటా. పిన్ సంగతి తర్వాత, ఎవరు వండేవారు, ఎట్లా వండేవారు, అది రాయండి. దాచిపెట్టినవి ఎక్కువకాలం ఉంటాయనే నమ్మకం నాకు లేదు.

బొమ్మలేస్తా:
నేను ఇలస్ట్రేటర్‌ని, స్కెచ్ బుక్ పట్టుకుని హోటళ్ళలో కూర్చోవడం నా పనిలో భాగం. ముంబై కొలాబాలో కెఫే మొండెగార్ గోడల మీద మారియో మిరాండా వేసిన కార్టూన్ల కోసమే ఎంతోమంది వెళ్తారు, ఒక ఆర్టిస్టు ఒక హోటల్‌కి ఏమివ్వగలడో అక్కడ చూడొచ్చు. నాకు ఇంకా ఇష్టమైంది బెంగళూరు గాంధీ బజార్ విద్యార్థి భవన్. 1943 నుంచి ఉంది, గోడలకి కన్నడ రచయితల బొమ్మలు, జనం బయట నిలబడి పేరు రాయించుకుని పిలిచేదాకా ఎదురుచూస్తారు. అంత పేరొచ్చినా దోశకున్న ఆ కరకర పోలేదు. వాళ్ళు ఎంతమందిని లోపలికి పిలవాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు, నాకు అర్థమైంది అదే. చిన్నవాళ్ళకి ఆ "ఆగండి" అనే ధైర్యం ఉండదు, కెమెరాసంచి గారి బాధ అదే అనుకుంటా.

మెస్సోళ్ళమ్మాయి:
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నా, ఉండబట్టలేక రాస్తున్నా. మా అమ్మ ఒక చిన్న టౌన్‌లో మెస్ నడుపుతుంది, నేను అందులోనే పెరిగా. మీరందరూ హోటల్ అంటే వచ్చి తినిపోయేవాళ్ళ వైపు నుంచే చూస్తున్నారు.

మెస్ నడిచేది నెల టికెట్ల మీద. బ్యాంకులో చేసేవాళ్ళు, పెళ్ళికాని టీచర్లు, మెడికల్ రిప్‌లు, నెల మొదట్లో డబ్బు కట్టేస్తారు, ఆ డబ్బుతోనే మేము బియ్యం, కందిపప్పు, నూనె ఒకేసారి కొంటాం. ఇన్ని శేర్ల బియ్యం పొయ్యాలి, ఇన్ని కిలోల వంకాయ కొయ్యాలి అన్నది ముందురోజు రాత్రే లెక్క. ఒకతను వచ్చి తిని, వీడియో తీసుకుపోయాడు, మంచిగానే చెప్పాడు, ఒక్క తప్పు మాట లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు వీధి చివరిదాకా లైను. అమ్మ రెండోసారి అన్నం వార్చేది, కూర అయిపోతే పచ్చడి వేసి సర్దేది, కమర్షియల్ సిలిండర్ మధ్యలో అయిపోయేది. ఆఫీసునుంచి గంట టైంలో వచ్చి తినిపోవాల్సిన టికెట్ల వాళ్ళకి చోటు దొరక్క వేరే మెస్సుకి మారారు. వీడియో చూసి వచ్చినవాళ్ళు ఇంకో వీడియో రాగానే అటు పోయారు. బిల్డింగ్ ఓనర్ మాత్రం ఆ లైను చూసి అద్దె పెంచాడు, అది తగ్గలేదు. పైగా అన్నం చల్లారిందని ఒక స్టారు ఇచ్చిపోయినవాళ్ళ రాతలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, కొత్తగా ఊరికి బదిలీ మీద వచ్చే ఉద్యోగి అదే చూసి మా దగ్గరికి రాడు.

అందుకని దాచమంటున్నానా, లేదు. మాకు జనం కావాలి. పరీక్షల సెలవుల్లో, దసరా సంక్రాంతి తర్వాత రోజుల్లో మెస్ ఖాళీగా ఉంటుంది, ఆ రోజుల్లో నలుగురొస్తే పండగే. కెమెరాసంచి గారూ, మీరు అడిగి రాయమన్నారు, బాగుంది, కానీ మా అమ్మని అడిగితే ఏం చెప్తుందో తెలుసా? "రాసుకో నాయనా" అంటుంది. అన్నం తిన్నవాడు అడిగితే కాదనడం ఆమెకి రాదు. రాస్తే ఏమవుతుందో కూడా ఆమెకి తెలీదు, మీకు తెలుసు. మీకెంతమంది ఫాలోవర్లున్నారో ఆమెకి చెప్పండి. ఏ వారం రాస్తే మీకు వీలు, ఎంతమందికి వండగలరు, ఎన్నింటికి అయిపోతుంది, పార్సిల్ ఇస్తారా, ఇవన్నీ అడిగి రాయండి. ఒంటిగంటన్నర దాటితే దొరకదు అని పైనే రాయండి. ఇంకొకటి, వీడియో తీసేవాళ్ళకి ఫ్రీగా పెట్టడం మా లాంటివాళ్ళకి కుదరదు, తిన్నదానికి డబ్బులిచ్చి తీసుకోండి.

బాటసారి_బడ్జెట్:
అక్కా, టికెట్ల సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు, మీరు చెప్పింది నాకు బాగా తగిలింది. అయినా నా మాట మీద నేను ఉన్నా, మీరే అన్నారు జనం కావాలని. మీరు చెప్పినట్టు టైమింగ్ అన్నీ రాసి పెడితే సరిపోతుంది కదా, ఎవరూ చెప్పకుండా కూర్చుంటే దసరా తర్వాత ఆ నలుగురు ఎక్కడినుంచి వస్తారు?

కెమెరాసంచి:
మెస్సోళ్ళమ్మాయి గారూ, మీరు రాసింది మా యూనిట్ గ్రూపులో పెట్టొచ్చా? మా వాళ్ళు తెలుసుకోవాల్సింది చాలా ఉంది ఇందులో. అవుట్‌డోర్‌లో ప్రొడక్షన్ భోజనం నచ్చక యూనిట్ అంతా ఒకేసారి చిన్న హోటల్ మీద పడటం మా దగ్గర మామూలే, అలా ఒక్క పూట చాలు వాళ్ళ లెక్క తప్పడానికి. తుని హోటల్ ఆమెని ఈసారి వెళ్ళినప్పుడు మీరు చెప్పిన ప్రశ్నలన్నీ అడుగుతా, ఆమె ఏ నెల అంటే ఆ నెలలోనే రాస్తా, అప్పటిదాకా పిన్ మాత్రం పెట్టను.

మెస్సోళ్ళమ్మాయి:
పెట్టుకోండి సార్, ఊరి పేరు నేను చెప్పలేదు కాబట్టి ఇబ్బందేం లేదు.

బాటసారి_బడ్జెట్:
అన్నా నేను వచ్చే నెల అన్నవరం వెళ్తున్నా, అమ్మని తీసుకుని. పిన్ వద్దులే, ఊరి పేరు ఒక్కటి చెప్పు, మిగతా దారి నేనే అడుక్కుంటా.

కెమెరాసంచి:
పర్సనల్ మెసేజ్ పెట్టా చూడు. పన్నెండున్నర కల్లా అక్కడుండేలా బయల్దేరు, బస్సు దిగాక ఆటో పట్టుకోవాలి. అమ్మకి కారం పడకపోతే ముందే చెప్పు, పులుసు కాస్త ఘాటుగానే ఉంటుంది. ఫోన్‌పే ఉండదు, చిల్లర పెట్టుకెళ్ళు.

పాతబస్తీ_చాయ్:
గదే మెసేజ్ నాక్కూడా పెట్టన్నా. సంక్రాంతి అయినంక పోత, ఒక్కన్నే పోత.