వ్యాయామం నిలవాలంటే రోజూ ఒకే వేళ తప్పనిసరా?

నిలకడ:

క్రమం తప్పకుండా వ్యాయామం చేయాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: వేళ నిర్ణయించుకోండి, నిర్ణయించుకున్నాక దాన్ని కదిలించకండి. తీరిక దొరికినప్పుడు చేసుకుంటే చాలని సలహా ఇచ్చేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు కనుక ఈ విషయాన్ని చర్చకు పెడుతున్నాను. ఎప్పుడు చేద్దామని రోజూ ఆలోచించే మనిషి, నిజానికి చేద్దామా మానేద్దామా అన్న ప్రశ్నకు రోజూ తలుపు తీసి పెడుతున్నాడు. అలసిపోయిన సాయంత్రాలు ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాయో అందరికీ అనుభవమే.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. వెండీ వుడ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, పాల్గొన్నవారి చేత గంటగంటకూ ఏం చేస్తున్నారో, ఆ సమయంలో ఏం ఆలోచిస్తున్నారో రాయించారు. రోజువారీ పనుల్లో 40 శాతానికి పైగా, దాదాపు ప్రతిరోజూ అదే చోట, తరచూ మనసు మరెక్కడో ఉండగా జరిగిపోయేవేనని అలాంటి పరిశీలనల్లో తేలింది. పరిసరాలు సంకేతం ఇస్తాయి, శరీరం కదులుతుంది, సంకల్పానికి పెద్దగా పని ఉండదు. గడియారం కంటే నమ్మదగిన, ఖర్చులేని సంకేతం నాకైతే కనిపించడం లేదు. అదే ఏడాది బ్రిటన్‌లో విద్యార్థులపై జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ వ్యాయామం చేస్తారో ముందుగా రాసిపెట్టుకున్నవారిలో 91 శాతం మంది అన్నమాట ప్రకారం చేశారు. వ్యాయామం వల్ల కలిగే లాభాలను చదివించి వదిలేసినవారిలో 35 శాతం మందే చేశారు.

మారువేళ:

నిలకడ గారూ, మీ క్రమశిక్షణ మీద నాకు గౌరవమే ఉంది గానీ, అది గడియారం మన చెప్పుచేతల్లో ఉన్నవారికి మాత్రమే పనికివచ్చే సలహా. నాది షిఫ్టుల ఉద్యోగం. ఒక వారం పగలు పని చేస్తే మరో వారం రాత్రి పని చేయాలి. పసిపిల్లలను చూసుకునే తల్లులు, మంచంపట్టిన పెద్దవారికి సేవ చేసేవారు, ప్రయాణాలతో సాగే ఉద్యోగాలు చేసేవారు కూడా ఇదే స్థితిలో ఉన్నారు. మీ నియమం ప్రకారం వీరందరూ వ్యాయామానికి అనర్హులు కావాలి.

నేను డ్యూటీ దిగి బట్టలు మార్చుకున్న వెంటనే వ్యాయామం చేస్తాను. అది ఒక వారం సాయంత్రం అవుతుంది, ఒక వారం తెల్లవారుజాము అవుతుంది, అయినా ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పెద్దలకు వారం లెక్కనే చెప్పాయి: ఓ మోస్తరు శ్రమ అయితే 150 నుంచి 300 నిమిషాలు, తీవ్రమైన శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు, వీటికి తోడు కండరాలను బలపరిచే వ్యాయామం వారంలో కనీసం రెండు రోజులు. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలని 2010లో పెట్టిన షరతును కూడా అప్పుడు తీసివేశారు. విడత పొడవునే పట్టించుకోని లెక్కలో వేళకు అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు.

లెక్కలపుస్తకం:

నిలకడ గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి ఆయన తీసిన నిర్ధారణతోనే ఉంది. బ్రిటన్ ప్రయోగం అడిగింది వచ్చే వారంలో ఒక్కసారి, 20 నిమిషాల పాటు వ్యాయామం చేశారా లేదా అన్నది మాత్రమే. ఒకసారి చేయించడానికి వేళ రాసుకోవడం ఎంత బాగా పనిచేస్తుందో అది చూపించింది; ఏడాది తరువాత కూడా ఆ మనిషి చేస్తూ ఉంటాడా అన్నది దాని పరిధిలోనే లేదు.

మనం ఇక్కడ వాదించుకుంటున్న ప్రశ్ననే సూటిగా పరీక్షించిన ప్రయోగం మరొకటి ఉంది. గూగుల్ సంస్థలోని 2,508 మంది ఉద్యోగులతో జరిపిన ఈ అధ్యయనం 2021లో అచ్చయింది. పాల్గొన్నవారిని తమకు అనువైన వ్యాయామ వేళ ఏదో చెప్పమన్నారు. ఆ తరువాత కొందరికి, తాము చెప్పిన వేళకు చుట్టూ ఉన్న రెండు గంటల వ్యవధిలో జిమ్‌కు వెళితేనే డబ్బు ఇచ్చారు. మరికొందరికి ఏ వేళకు వెళ్లినా ఇచ్చారు. డబ్బు ఆగిపోయాక ఎవరు ఎక్కువగా వెళతారన్నదే అసలు పరీక్ష. నిలకడ గారి సిద్ధాంతం ప్రకారం మొదటి బృందం గెలవాలి, గెలిచింది రెండో బృందం. మొదటి బృందంలో అనుకున్న వేళకు వెళ్లే అలవాటు బలపడిన మాట నిజమే, కానీ ఏ కారణం చేతనైనా ఆ వేళ తప్పితే వారు మరో వేళకు వెళ్లడం తక్కువైంది. రెండో బృందంవారు కూడా చాలాసార్లు తమకు నచ్చిన వేళకే వెళ్లారు, కుదరనప్పుడు మాత్రం మరో వేళ వెతుక్కున్నారు. జీవితంలో వేళ తప్పని వారం అంటూ ఉండదు కనుక, దీర్ఘకాలంలో ఈ రెండో నేర్పే ఎక్కువ ఫలితం ఇచ్చింది. నా ఉద్దేశంలో నిలబెట్టుకోవాల్సిన అలవాటు వ్యాయామం ఒక్కటే కాదు, తప్పిపోయినప్పుడు దాన్ని మళ్లీ పట్టుకోవడం కూడా.

నిలకడ:

ఆ అధ్యయనాన్ని తక్కువ చేయను గానీ, దాని హద్దులు కూడా చూడాలి. అది డబ్బు ఇచ్చి చేయించిన ప్రయోగం. పాల్గొన్నవారు పని చేసేచోటే జిమ్ ఉన్న ఉద్యోగులు. అలాంటివారికి ఏ గంటకైనా నాలుగు అడుగులు వేసి వెళ్లే వీలు ఉంటుంది; తక్కినవారికి వేళ మారిందంటే ప్రయాణమూ మారుతుంది, ఇంటిపనీ మారుతుంది, తోడు వచ్చేవారూ మారతారు.

అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. ఉదయం కుదరకపోతే సాయంత్రం ఉందని ముందే చెప్పుకున్న మనిషికి ఉదయం లేవడానికి ఉన్న కారణంలో సగం అక్కడే పోతుంది. రేపటి మన గురించి మనకు ఉండే నమ్మకం ఎప్పుడూ కాస్త ఎక్కువే. అమెరికాలో జిమ్ సభ్యులపై 2006లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన చూడండి. నెలకు 70 డాలర్లకు పైగా చందా కట్టినవారు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు, అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పెట్టారు. పదిసార్లకు చెల్లే పాస్ కొనుక్కుని ఉంటే ఒక్కో రాకకు పది డాలర్లతో సరిపోయేది. ఇన్నిసార్లు వెళతామని నమ్మి కట్టినవారే వారంతా. అలాంటి మనుషుల చేతికి వెసులుబాటు అనే సాకును కూడా అందిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నడకరి:

మధ్యలో ఒక చిన్న సందేహం. 21 రోజులు ఒకే వేళకు చేస్తే ఏ అలవాటైనా స్థిరపడుతుందని అంటారు కదా. అలాగైతే ముందు మూడు వారాలు నిలకడ గారి పద్ధతి, ఆ తరువాత మారువేళ గారి పద్ధతి పాటిస్తే వివాదమే ఉండదేమో.

లెక్కలపుస్తకం:

ఆ 21 రోజుల లెక్కకు వ్యాయామంతో సంబంధం లేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. నోటినోటా పాకేసరికి ఆ "కనీసం" జారిపోయింది, ముఖం స్థానంలో ప్రపంచంలోని అలవాట్లన్నీ వచ్చి చేరాయి.

నిజంగా కొలిచి చూసిన పని యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసింది. 96 మంది తాము ఎంచుకున్న ఒక కొత్త పనిని 12 వారాల పాటు రోజూ చేస్తూ, అది ఎంత అప్రయత్నంగా జరుగుతోందో నమోదు చేశారు. అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలానికి మధ్యగత విలువ 66 రోజులు వచ్చింది, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ పట్టింది. మనిషికీ మనిషికీ మధ్య తేడా 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంది. ఇందులో పెద్ద అంకెలు 12 వారాల వివరాలను బట్టి ముందుకు అంచనా వేసినవి. మంచినీళ్లు తాగడం, పండు తినడం వంటి వాటి కంటే వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అప్పటిదాకా ఏర్పడిన అలవాటుకు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

నిలకడ గారు గమనించాల్సిన విషయం ఒకటి ఇందులో ఉంది. పాల్గొన్నవారు తమ పనిని ముడిపెట్టుకున్నది ఎక్కువగా రోజులో జరిగే మరో పనికి, అంటే భోజనానికి ముందో, ఉదయం అల్పాహారం తరువాతో అన్నట్టుగా. గంట ముల్లు లేకుండానే సంకేతం పనిచేసింది. మారువేళ గారు డ్యూటీ దిగి బట్టలు మార్చుకోవడాన్ని వాడుకుంటున్నదీ అలాగే.

పాత కోచ్:

చాలామంది చేత వ్యాయామం చేయించిన అనుభవంతో ఒక మాట చెబుతాను. వేళ తప్పడం వల్ల మానేసినవారి కంటే, మొదటి వారంలోనే ఒళ్లు హూనం చేసుకుని మానేసినవారే నాకు ఎక్కువగా తారసపడ్డారు. ఆయాసంతో మాట తడబడే స్థాయి దాటాక వ్యాయామం చాలామందికి బాధగానే అనిపిస్తుందని పరిశోధకులు కూడా చెబుతున్నారు. నిన్నటి బాధ గుర్తున్న శరీరం, సంకేతం ఎంత కచ్చితంగా మోగినా లేవదు.

వేళ ప్రశ్నకు వస్తే, 2016లో ఫిలిప్స్, గార్డ్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది. వ్యాయామానికి ఉపక్రమించడం అలవాటు కావడం వేరు, వ్యాయామాన్ని ఒకే వరుసలో చేయడం అలవాటు కావడం వేరు. ఎవరు ఎక్కువసార్లు చేస్తారన్నది మొదటి అలవాటును బట్టే తెలుస్తుందని వారి పరిశీలన. అందుకే నేను శిష్యులకు బూట్లు వేసుకుని బయటికి రావడం వరకే నియమం పెడతాను. వచ్చాక నడుస్తారా, పరుగెత్తుతారా, బరువులు ఎత్తుతారా అన్నది వారి ఇష్టం. నిలకడ గారి భయం నిజమే, వెసులుబాటు సాకుగా మారుతుంది. కానీ మారేది "సాయంత్రం చూద్దాం" అన్నప్పుడు. ఫలానా వేళ తప్పితే ఫలానా వేళకు, సగం మోతాదులో చేస్తానని ముందే రాసుకున్నప్పుడు అలా మారడం నేను అరుదుగా చూశాను.

లెక్కలపుస్తకం:

కోచ్ గారి మాటకు బలం చేకూర్చే ఫలితం ఒకటి 2021లోనే వచ్చింది. అమెరికాలోని ఒక పెద్ద జిమ్ సంస్థకు చెందిన 61,293 మంది సభ్యులపై 54 రకాల నాలుగు వారాల కార్యక్రమాలను ఒకేసారి పరీక్షించారు. అన్నిటికంటే మెరుగ్గా పనిచేసినది, ఒక రోజు తప్పినవారు మళ్లీ తిరిగి వచ్చినప్పుడు చిన్న అదనపు బహుమానం ఇచ్చిన కార్యక్రమం. అయితే నాలుగు వారాలు ముగిశాక కూడా ప్రభావం స్పష్టంగా మిగిలినవి ఆ మొత్తంలో 8 శాతమే. కాబట్టి ఏ కిటుకునైనా, నాది సహా, కాస్త అనుమానంతోనే చూడాలి.

నడకరి:

జ్వరమో, ఊరి ప్రయాణమో వచ్చి రెండు మూడు వారాలు పూర్తిగా ఆగిపోతే? అప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత కోచ్:

పాత సంకేతం దగ్గరే, కానీ పాత మోతాదుతో కాదు. బాగా తర్ఫీదు పొందినవారిపై 1984లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సాధన ఆపిన మూడు వారాల్లోపు వారి శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం 7 శాతం తగ్గింది, 56 రోజులకు 16 శాతం తగ్గింది. అంటే మూడు వారాల విరామం మనం భయపడేంత నష్టం చేయదు. జ్వరం పూర్తిగా తగ్గాక, మొదటి వారం పాత వ్యవధిలో సగంతో సరిపెట్టుకోవడం నేను పాటించే పద్ధతి. గుండె జబ్బు ఉన్నవారు, వ్యాయామంలో ఛాతీలో నొప్పి వచ్చేవారు ముందు వైద్యుణ్ణి కలవాలి.

నిలకడ:

ప్రత్యామ్నాయ వేళను కూడా ముందే రాసుకోవాలన్నారు కోచ్ గారు. అంటే ఒకటికి బదులు రెండు గడియారాలు పెట్టారు, నా అభ్యంతరం దానితో చాలావరకు తీరింది. మారువేళ గారిని మాత్రం ఒకటి అడగాలి. మీ సంకేతం డ్యూటీ దిగడం. సెలవు రోజున దిగడానికి డ్యూటీయే ఉండదు కదా, ఆ రోజు ఏం చేస్తారు?

మారువేళ:

మంచి ప్రశ్న, నా పద్ధతిలో బలహీనమైన చోటు అదే. చాలాకాలం సెలవు రోజుల్లో వ్యాయామం పడకేసేది. ఇప్పుడు ఆ రోజుల్లో స్నానానికి ముందు అని పెట్టుకున్నాను. సెలవు రోజున ఆ స్నానం ఒక్కోసారి మధ్యాహ్నం దాకా వాయిదా పడుతుందని మీరు అంటారేమో. పడుతుంది, దానితోపాటు వ్యాయామమూ వాయిదా పడుతుంది, కానీ రెండూ ఆ రోజు దాటి పోవడం లేదు.