చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ సైన్స్ చదవడానికి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: ఇంటర్ విద్యార్థిని, నల్గొండ జిల్లా

పెద్దలందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాను. మా నాన్నగారు బట్టలు కుట్టే దుకాణం నడుపుతారు. పోయిన వేసవిలో మా బాబాయి తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చారు. దాని మీద పైథాన్ నేర్చుకుని, లక్ష లోపు ప్రధాన సంఖ్యలన్నింటినీ ముద్రించే ప్రోగ్రామ్ రాశాను. ప్రతి సంఖ్యనూ దానికంటే చిన్న సంఖ్యలన్నింటితో భాగించి చూసేలా రాయడం వల్ల, నేను అన్నం తిని వచ్చేసరికి కూడా అది పూర్తి కాలేదు. వర్గమూలం దాకా భాగించి చూస్తే చాలని ఒక వీడియోలో విని ఆ ఒక్క మార్పు చేయగానే కొద్ది క్షణాల్లోనే జాబితా అంతా వచ్చేసింది. ఇక చదివితే కంప్యూటర్ సైన్సే చదవాలని ఆ రోజే అనిపించింది.

ఈ సంగతి చెప్పినప్పుడు మా గణితం మాస్టారు, గణితాన్నీ కంప్యూటర్ సైన్స్‌నూ కలిపి బోధించే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు చేయమన్నారు. అక్కడి ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కూ జేఈఈకీ ఏ విధంగా భిన్నంగా ఉంటుంది? ఇంగ్లీషులో వివరంగా సమాధానాలు రాయడం నాకు అలవాటు లేదు, అది పెద్ద అడ్డంకి అవుతుందా? బీటెక్ వచ్చే అవకాశం ఉండగా బీఎస్సీ ఎందుకని మా బంధువులు అడుగుతున్నారు, వారికి ఏమని చెప్పాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం: సీఎంఐ పూర్వ విద్యార్థిని

చెల్లెమ్మా, మీరు అడిగిన సంస్థలోనే నేను చదువుకున్నాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

గణిత శాస్త్రవేత్త సి. ఎస్. శేషాద్రి గారి నాయకత్వంలో 1989లో స్పిక్ సైన్స్ ఫౌండేషన్‌లో భాగంగా మొదలైన ఈ సంస్థ, 1998లో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపిన బీఎస్సీ ఆనర్స్ కోర్సును ప్రారంభించింది. 2006లో దీనికి డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. ప్రాంగణం చెన్నై శివార్లలోని సిరుసేరిలో, పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల మధ్య ఉంటుంది. చాలా చిన్న సంస్థ. ఒక్కో తరగతిలో కొద్దిమందే ఉంటారు కాబట్టి, అధ్యాపకులు మనల్ని పేరు పెట్టి పిలుస్తారు, మన సమాధానంలో ఏ వాక్యం దగ్గర తడబడ్డామో కూడా గుర్తుపెట్టుకుంటారు.

ప్రవేశ పరీక్ష సాధారణంగా మే నెలలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే మొదలవుతాయి. మీ ఇంటర్ పరీక్షల హడావిడిలో ఆ గడువు దాటిపోకుండా చూసుకోండి. ప్రశ్నపత్రం మొత్తం గణితమే. బీజగణితం, జ్యామితి, త్రికోణమితి, కలన గణితం, పూర్ణాంకాల ధర్మాలు, లెక్కింపు పద్ధతులు అందులో ఉంటాయి. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్లేవారిని కంప్యూటర్ల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. పాఠ్యాంశాల పరిధి ఇంటర్మీడియట్‌ను పెద్దగా దాటదు. మొదటి భాగంలో తుది జవాబులు ఇస్తే సరిపోతుంది, రెండవ భాగంలో మాత్రం ప్రతి సమాధానాన్నీ కారణాలతో సహా పూర్తిగా రాయాలి. మొదటి భాగంలో తగినన్ని మార్కులు తెచ్చుకున్నవారి రెండవ భాగాన్ని మాత్రమే దిద్దుతారు.

ఈఏపీసెట్‌కు సిద్ధమయ్యే మన పిల్లలకు చిక్కంతా ఆ రెండవ భాగంలోనే వస్తుంది. నేను చదివిన జూనియర్ కళాశాలలో, ఒక లెక్కకు నిమిషం కంటే ఎక్కువ సమయం తీసుకుంటే లేచి నిలబడమనేవారు. ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాలలో మూడింటిని కొట్టేసి నాలుగవది గుర్తించడమే అక్కడ ప్రతిభ. సీఎంఐ పాత ప్రశ్నపత్రాన్ని మొదటిసారి ముందు పెట్టుకున్నప్పుడు, జవాబు నాకు తెలుస్తూనే ఉన్నా దాన్ని కాగితం మీద ఎలా మొదలుపెట్టాలో తెలియక గంటసేపు కూర్చుండిపోయాను. ఆ పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. వారానికి రెండు ప్రశ్నలు తీసుకుని, గడియారం చూడకుండా, ఒక్కోదానికి ఎన్ని రోజులైనా వెచ్చించి పూర్తిగా రాయండి. ఒకసారి రాసినదాన్ని మూడు రోజుల తర్వాత మరొకరు రాసినట్లుగా చదివి, "ఇది ఎందుకు నిజం?" అని ప్రతి వాక్యాన్నీ అడగండి. కలకత్తా, బెంగళూరులలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బీస్టాట్ (గణాంక శాస్త్రం), బీమ్యాథ్ (గణితం) డిగ్రీల ప్రవేశ పరీక్షలకు కూడా ఇదే సాధన పనికి వస్తుంది కనుక వాటికీ దరఖాస్తు చేయండి.

ఇంగ్లీషు గురించి భయపడవద్దు. అక్కడ దిద్దేవారు భాషను కాదు, తర్కాన్ని చూస్తారు. "అనుకుందాం", "కాబట్టి", "దీనికి విరుద్ధంగా", "ఇది అసాధ్యం" వంటి పాతిక ముప్పై మాటలు ఇంగ్లీషులో తడుముకోకుండా రాయగలిగితే ఏ నిరూపణకైనా సరిపోతుంది.

ఒక చిన్న పని చెబుతాను. 99,991 ప్రధాన సంఖ్య. మీ మొదటి ప్రోగ్రామ్ దాన్ని 2 నుంచి 99,990 వరకు 99,989 సంఖ్యలతో భాగించింది, రెండవది 2 నుంచి 316 వరకు కేవలం 315 సంఖ్యలతో భాగించింది. అయితే వర్గమూలం దాకా చూస్తే చాలన్న మాటను మీరు నమ్మారే గాని, అది ఎందుకు నిజమో చెప్పలేదు. ఆ నిరూపణను తెలుగులోనే రాసి ఇక్కడ పెట్టండి. సీఎంఐలో మొదటి సెమిస్టర్‌లో హాస్కెల్ భాషలో ప్రోగ్రామింగ్ నేర్పుతారు. అక్కడ కూడా ప్రోగ్రామ్ నడిచిందా అన్నదానికంటే, అది అన్ని సందర్భాలలోనూ సరైన ఫలితమే ఇస్తుందని మీరెలా చెప్పగలరన్నదే ముందుగా అడుగుతారు.

రెండవ సమాధానం: ఒక తండ్రి, వరంగల్

మా అబ్బాయి గణితంలో బీఎస్సీ ఆనర్స్ చేరినప్పుడు మా ఇంట్లోనూ ఇదే చర్చ జరిగింది. ఉన్నమాట చెబుతాను తల్లీ. కొన్ని కంపెనీలు బీటెక్ వారినే పిలుస్తాయి, ఆ ఇబ్బంది నిజమే. ఎమ్మెస్సీకి, పరిశోధనకు వెళ్లాలనుకునేవారికి మాత్రం ఇలాంటి చోట చదివిన బీఎస్సీ ఎంతో బలమైన పునాది. మూడేళ్ల తర్వాత ఉద్యోగమే కావాలా, పైచదువుకు వెళ్తారా అన్నది మీ నాన్నగారితో కూర్చుని ముందే మాట్లాడుకోండి. ఫీజు, హాస్టల్ ఖర్చు, ఫీజు మినహాయింపు వివరాలను ఆ ఏడాది ప్రకటనలో చదివి, ఒక కాగితం మీద రాసి ఆయనకు చూపించండి. బంధువులకు చెప్పడం తర్వాత సంగతి.

ఇంజనీరింగ్ కూడా చేతిలో ఉండాలనుకుంటే హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ నిర్వహించే యూజీఈఈ అనే ప్రవేశ పరీక్ష గురించి తెలుసుకోండి. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్‌తో పాటు పరిశోధనతో కూడిన ఎంఎస్‌నూ ఐదేళ్లలో పూర్తి చేసే కోర్సుకు దాని ద్వారా తీసుకుంటారు. అందులో పాఠ్యాంశాల మీద ఒక పరీక్ష, పరిశోధనాభిరుచి మీద మరొకటి ఉంటాయి, ఎంపికైనవారికి ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. ఈఏపీసెట్ ఎలాగూ రాస్తారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అక్కా, అంకుల్, మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నా నిరూపణ ఇదిగో: "36ను తీసుకుందాం. 36 = 2 × 18 = 3 × 12 = 4 × 9 = 6 × 6. ఆ తర్వాత 9 × 4, 12 × 3 అని పాత జతలే తిరగబడి వస్తాయి. 6 అనేది 36కు వర్గమూలం. కాబట్టి వర్గమూలం కంటే చిన్న సంఖ్యల వరకు చూస్తే చాలు."

మూడవ సమాధానం: గణిత అధ్యాపకుడు, విశ్రాంత

అమ్మా, మీ ఆలోచన సరైన దారిలోనే ఉంది. జతలు తిరగబడతాయన్న విషయాన్ని మీ అంతట మీరు గమనించారు, అది ఈ లెక్కకు ప్రాణం. అయినా పరీక్షలో దీనికి చాలా తక్కువ మార్కులే వస్తాయి. కారణాలు రెండు.

మీరు 36 గురించి చెప్పారు. 91 గురించి, 99,989 గురించి ఎవరైనా అడిగితే మీ వాక్యాలలో జవాబు లేదు. అందుకని సంఖ్యకు విలువ ఇవ్వకుండా మొదలుపెట్టాలి. "ప్రధాన సంఖ్య కాని, ఒకటి కంటే పెద్దదైన ఏదో ఒక సంఖ్యను తీసుకుందాం. అది ఒకటి కంటే పెద్దవైన రెండు సంఖ్యల లబ్ధం అవుతుంది. ఆ రెండూ దాని వర్గమూలం కంటే పెద్దవే అనుకుందాం. అప్పుడు వాటి లబ్ధం ఆ సంఖ్య కంటే పెద్దదవుతుంది, ఇది అసాధ్యం. కాబట్టి రెండింటిలో కనీసం ఒకటి వర్గమూలానికి సమానంగా గాని, దానికంటే చిన్నదిగా గాని ఉంటుంది." ఇందులో 36 ఎక్కడా లేదు. కాని మీరు 36లో చూసినదే ఏ సంఖ్యకైనా వర్తించేలా ఇందులో ఉంది. ఉదాహరణను చిత్తు కాగితం మీద ఉంచుకోండి, జవాబు పత్రంలో నిరూపణ రాయండి.

రెండవ కారణం మీ చివరి వాక్యం. "వర్గమూలం కంటే చిన్న సంఖ్యల వరకు" అన్నారు. 49ని తీసుకోండి. 2, 3, 4, 5, 6లలో ఏదీ దాన్ని భాగించదు. మీరు 7 దగ్గరికి వెళ్లకుండా ఆగిపోతే 49 కూడా ప్రధాన సంఖ్యల జాబితాలో చేరుతుంది. పైథాన్‌లో వరుస సంఖ్యలను ఇచ్చే రేంజ్ వాడేటప్పుడు చివరి సంఖ్య లెక్కలోకి రాదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి మీ ప్రోగ్రామ్ ఇచ్చిన జాబితాలో 4, 9, 25, 49, 121 ఉన్నాయేమో వెతకండి. లక్ష లోపు ప్రధాన సంఖ్యలు సరిగ్గా 9,592 ఉండాలి. మీకు ఎన్ని వచ్చాయో చూసి, తేడా ఉంటే ఆ తేడా ఎంతో, ఎందుకు అంతే వచ్చిందో కూడా నిరూపణతో రాయండి. ఆదివారం సాయంత్రం నేను మళ్లీ ఇక్కడికి వచ్చి దిద్దుతాను.