డెన్వర్ చలికి సొంత సోలార్ వాటర్ హీటర్: గ్లైకాలా, డ్రెయిన్‌బ్యాకా?

డెన్వర్_శీను
అందరికీ నమస్కారం. డెన్వర్ పక్కన మా ఇల్లు. దక్షిణం వైపు కప్పంతా ఖాళీ. చలికాలం రాత్రుళ్లు మైనస్ 15, ఒక్కోసారి మైనస్ 20 కూడా పోతుంది. పగలు మాత్రం ఎండ బాగా కాస్తుంది. పాతవి 4×8 అడుగుల ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్లు (ఎండకి నీళ్లు వేడెక్కించే పలకలు) రెండు చవగ్గా దొరికాయి. బేస్‌మెంట్‌లో ప్లైవుడ్‌తో ట్యాంకు కట్టి, లోపల ఈపీడీఎం రబ్బరు షీటు పరిచి, అందులో రాగి కాయిల్ ముంచుతాను. వాడుకనీళ్లు కాయిల్‌లోంచి పోతాయి, ట్యాంకు నీళ్లతో కలవవు. మొత్తం వెయ్యి డాలర్లలో తేల్చాలి. హైదరాబాద్ మేడల మీద పెట్టే రకం ఇక్కడ పెడితే మొదటి చలికే గొట్టాలు పగులుతాయని తెలుసు. కాబట్టి గొట్టాల్లో చలికి గడ్డకట్టని ద్రవం గ్లైకాల్ పోయాలా, పంపు ఆగితే నీళ్లు కిందికి దిగిపోయే డ్రెయిన్‌బ్యాక్ చెయ్యాలా?

రాగిగొట్టం
డ్రెయిన్‌బ్యాకే. మినియాపోలిస్ నుంచి చెప్తున్నాను, మీ చలి మాకు లెక్కలోది కాదు. పంపు ఆగగానే పైనున్న నీళ్లన్నీ ఇంట్లో ట్యాంకులోకి దిగిపోతాయి. ఖాళీ గొట్టంలో గడ్డకట్టడానికి ఏముంటుంది? ఒకటే షరతు, వాలు. అడుగుకి పావు అంగుళం ఉండాలి, ఎక్కడా గొట్టానికి బొజ్జ పడకూడదు. అక్కడ గుక్కెడు నీళ్లు నిలిచినా చాలు, మంచైతే తొమ్మిది శాతం ఉబ్బుతాయి, రాగి నోరు తెరుస్తుంది. పంపు కూడా చూసి కొనండి. ట్యాంకులో నీటిమట్టం నుంచి కలెక్టర్ నెత్తి దాకా ఎత్తగలగాలి. గాలి తగిలే నీళ్లు కదా, పోత ఇనుముది తుప్పు పట్టిపోతుంది. స్టెయిన్‌లెస్ గానీ కంచుది గానీ తీసుకోండి.

కాల్గరీ_వెంకట్
అడుగుకి పావు అంగుళం అక్కర్లేదన్నా, ఎనిమిదో వంతు చాలు. మా ఇంట్లో నీళ్లు దిగుతున్నాయిగా.

లెక్కల_మాస్టారు
శీను గారూ, ముందు లెక్క చూడండి. రోజుకి 200 లీటర్లు, 7 డిగ్రీల నుంచి 50కి వేడెక్కాలంటే సుమారు 10 యూనిట్లు. చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాగే హీట్ పంపు వాటర్ హీటర్‌కి అందులో మూడో వంతు కరెంటు సరిపోతుంది. మీ కప్పు మీద ఆ రెండు కలెక్టర్లు పట్టే చోట కిలోవాట్ సోలార్ కరెంటు ప్యానెళ్లు పెడితే ఆ కరెంటు వచ్చేస్తుంది. వైరు గడ్డకట్టదు, లీకవ్వదు.
ఇంకోటి, నేను అనుభవించి చెప్తున్నాను. ఇక్కడ టొరంటోలో ఒక కాంట్రాక్టర్‌తో గ్లైకాల్ సిస్టం వేయించాను. ఎండాకాలం ఇండియా వెళ్లాం. ఇంట్లో వాడేవాళ్లు లేరు, ట్యాంకు నిండా వేడి, పంపు ఆగిపోయింది, కప్పు మీద గ్లైకాల్ ఉడికిపోయింది. వచ్చి చూస్తే కాఫీ డికాక్షన్ రంగులో పులిసిన వాసన. లోపలి రాగిని తినేసింది. ఆ కాంట్రాక్టర్ ఇప్పటికీ ఫోన్ ఎత్తడు.

రాగిగొట్టం
మాస్టారూ, అది గ్లైకాల్ తప్పు. సూర్యుడిది కాదు. డ్రెయిన్‌బ్యాక్‌లో ట్యాంకు వేడెక్కాక పంపు ఆగితే పైన మిగిలేది గాలే. ఉడకడానికి ఏముంది? అయితే శీనూ, ఖాళీ కలెక్టర్ ఎండలో 150 డిగ్రీలు దాటుతుంది. దాని దగ్గర పెక్స్ ప్లాస్టిక్ గొట్టం పెట్టొద్దు, మెత్తబడిపోతుంది. మొదటి కొన్ని అడుగులు రాగే వెయ్యాలి.
వెంకట్, ఎనిమిదో వంతు చాలదు. ఇల్లు కాస్త కుంగితే వాలు పోతుంది.

కాల్గరీ_వెంకట్
మా ఇల్లు కుంగలేదన్నా.

పాడేరు_కాఫీతోట
లంబసింగి వైపు మాకు డిసెంబర్‌లో తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. థర్మామీటర్‌లో మాత్రం 3, 4 డిగ్రీలే. మా హోమ్‌స్టేకి సోలార్ హీటర్ పెడదామనుకుంటున్నాం. గాలి సున్నాకి దిగకుండానే కలెక్టర్‌లో నీళ్లు గడ్డకడతాయా?

రాగిగొట్టం
కడతాయి. మబ్బు లేని రాత్రి కలెక్టర్ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికన్నా చల్లబడుతుంది. మీ గడ్డికి జరిగేదీ అదే. హోమ్‌స్టేకైతే గాజు ట్యూబుల రకం చాలు, పైకీ కిందికీ వెళ్లే గొట్టాలకి మాత్రం ఇన్సులేషన్ చుట్టండి.

డెన్వర్_శీను
మాస్టారూ, మీ హీట్ పంపు బేస్‌మెంట్ గాలిలోంచే వేడి లాగుతుంది. చలికాలం ఆ గాలిని వేడి చేసేది నా గ్యాస్ ఫర్నేసే. అది లెక్కలో వెయ్యలేదేం?

లెక్కల_మాస్టారు
వేసినా నా వైపే తేలుతుంది. యూనిట్ 15 సెంట్లనుకుంటే హీట్ పంపుతో రోజుకి అర డాలర్ ఖర్చు. మీరు మహా మిగిల్చినా ఆ అర డాలరే. వీకెండ్లన్నీ కప్పెక్కి పనిచేస్తారు, ఆ కూలి ఎవరిస్తారు? పైగా ఇది ఇంట్లో తయారైన సరుకు, సర్టిఫికెట్ లేదు. ముప్పై శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ దీనికి ఎన్నడూ వచ్చేది కాదు, 2025తో ఆ పథకమే అయిపోయింది. చవక అనకండి, హాబీ అనండి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

రాగిగొట్టం
పానా పట్టని వాళ్లకి అన్నీ హాబీలే. ఎక్సెల్ షీటుతో స్నానం చెయ్యండి.

లెక్కల_మాస్టారు
మీకు రిటైర్మెంట్ తర్వాత పొద్దుపోవాలి, దానికి కుర్రాడి బేస్‌మెంట్ ముంచుతానంటే ఎలా?

శ్రీవల్లి_బౌల్డర్
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మా ఇంట్లో ఇలాంటిదే ఉంది. మావారు ముచ్చటపడి కట్టారు, బాగానే పనిచేస్తుంది. ఆయన ఊళ్లో లేనప్పుడు పైన సెన్సర్ చెడిపోయింది. ఎండ దంచుతున్నా పంపు తిరగదు, పిల్లలకి స్నానాలు. ఆరు వాల్వులున్నాయి, ఒక్కదానికీ పేరు రాయలేదు. ఒకటి కొంచెం తిప్పగానే గోడలోంచి ఏదో చప్పుడు, వదిలేశాను. ప్లంబర్ వచ్చి చూసి, ఇది నేను ముట్టుకోను, కట్టినవాళ్లనే పిలవండి అని వెళ్లిపోయాడు. మీరు గ్లైకాల్ అంటారు, వాలు అంటారు, అర డాలర్ అంటారు. కట్టినవాడు ఇంట్లో లేని రోజు దాన్ని చూసేదెవరు?

లెక్కల_మాస్టారు
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే.

శ్రీవల్లి_బౌల్డర్
లేదండీ, మీరు డబ్బు సంగతి చెప్పారు. మీ హీట్ పంపు సర్క్యూట్ బోర్డు పోయినా మనిషి కోసం ఎదురుచూడాల్సిందే. కనీసం నంబరుంటుంది, అంతే తేడా.

రాగిగొట్టం
అమ్మా, మాది అంతా మా ఆవిడే చూసుకుంటుంది. కట్టేటప్పుడు పక్కనే ఉంది కాబట్టి.

శ్రీవల్లి_బౌల్డర్
మంచిది అంకుల్. ఆంటీని ఓసారి ఇక్కడ రాయమనండి.

డెన్వర్_శీను
శ్రీవల్లి గారూ, పాత గ్యాస్ హీటర్ తియ్యట్లేదు. కాయిల్‌లో వేడెక్కిన నీళ్లు దాంట్లోంచే పోతాయి. సోలార్ ఆగితే అది అందుకుంటుంది, ఎవరూ ఏదీ తిప్పక్కర్లేదు. సోలార్‌ని తప్పించే బైపాస్‌కి మాత్రం ఒక లివర్ పెట్టి పేరు రాసి పెడతాను. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించాను. "బొజ్జ పడకుండా గొట్టం పట్టుకోవడానికి నేను కప్పెక్కను, ముందే చెప్తున్నా" అంది.

కాల్గరీ_వెంకట్
ఎనిమిదో వంతు వాలైతే ఒక్కడివే పెట్టుకోవచ్చు.

రాగిగొట్టం
వెంకట్, లెవెల్ పెట్టి ఫొటో పెట్టు. చూద్దాం.