గోదారి నవలల్ని పర్యావరణం వైపు నుంచి చదవాలా?

రాజోలు పాఠకుడు:
కోనసీమ నవలల్ని ఇక పర్యావరణ విమర్శ దృష్టితో చదవాలని మొన్న మా లైబ్రరీలో ఒకాయన గంటసేపు చెప్పారు. నాకు మింగుడుపడలేదు. నవలంటే మనుషుల గొడవ. పాలేరు ఆకలితో ఉంటే మనం కొబ్బరాకుల గాలి గురించి మాట్లాడుకోవడమేంటండి?

కాకినాడ పద్మ:
కొబ్బరాకుల గాలి ఉత్త వర్ణనండీ, దాన్ని పక్కన పెట్టండి. మనం ప్రకృతి అని మురిసిపోయే ఈ పచ్చదనం చాలావరకు 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక వచ్చిందే. కాలవ, లాకు, బోదె అన్నీ మనుషులు తవ్వినవీ కట్టినవీ. అందుకే నవల్లో కాలవ కనిపిస్తే, నీళ్లు ముందు ఎవరి చేలోకి వెళ్లాయో చూస్తాను. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లకి వంతులు పెట్టారంటే ఎగువ రైతు మడి నిండిపోతుంది, కాలవ చివరనున్న శివారు రైతుకి నిద్ర ఉండదు. అర్ధరాత్రి ఎవరో తూములో గడ్డీ మట్టీ కుక్కి పోతారు. తెల్లారేసరికి తలలు పగులుతాయి. ఆ రాత్రంతా పార పట్టుకుని గట్టు మీద కాపలా ఉన్నదెవరు? మీరన్న పాలేరే!

లంక రైతు:
మాది లంక, గోదారి మధ్య దీవి. నవలల్లో వరద వచ్చేది ప్రేమికుల్ని విడదీయడానికో, ముసలాయన్ని చంపడానికో. నీరు తీసేశాక చేలో ఇసుక మేట వేస్తే దాన్ని ఎత్తి పోయడానికయ్యే కూలి ఖర్చు ఏ రచయితా రాయడు. గట్టు కోసుకుపోతే చేతిలో పట్టా మిగులుతుంది, భూమి గోదాట్లో కలుస్తుంది. 1986 వరద చూసినవాళ్లని అడగండి, చెబుతారు.

రాజోలు పాఠకుడు:
పద్మగారూ, తూము సంగతి బాగుంది, ఒప్పుకుంటా. కానీ అన్నిటికీ అదే కొలతా? అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ అంటే సరే, అందులో కథంతా కొల్లేరు చుట్టూనే. 1960ల్లో రాసిన నవల్లో రొయ్యల చెరువుల ఊసు లేదని మార్కులు కోసేస్తామా?

కాకినాడ పద్మ:
అప్పటి రచయితని ఎవరంటారండీ! 1995 జనవరిలో మన కోనసీమలోనే పాసర్లపూడిలో గ్యాస్ బావి పేలి, రెండు నెలలు పైగా మండింది. ఆ ఏడాది, ఆ చుట్టుపక్కలే జరిగే కథలో ఆ మంట లేకపోతే ఎందుకు లేదని అడగొద్దా?

రాజోలు పాఠకుడు:
అడగండి. ఆ ఏడాది చెడిపోయిన పెళ్లి గురించే రాయాలనుకున్న రచయిత మంటని వదిలేస్తే తప్పేంటని నేనూ అడుగుతాను.