పార్కులో చచ్చిన ఎలుక వాసన, వెతికితే పుట్టగొడుగు

ప్రశ్న (అమలాపురం నుంచి):
రోజూ పొద్దున్నే మా అయిదేళ్ల బాబుతో ఇంటి దగ్గరి పార్కుకి వెళ్తాను. మూడు రోజుల ముసురు తెరిపిచ్చాక నిన్న వెళ్తే, కొబ్బరిచెట్ల కింద బెంచీ దగ్గర ఒకటే కంపు. ఊడ్చే ఆవిడా నేనూ ఎలుక చచ్చిందేమోనని ఆకులన్నీ తిరగేశాం. ఎలుక లేదు. జానెడు తెల్లటి కాడ, చుట్టూ లేసు అల్లినట్టు వల, తల మీద ముదురు ఆకుపచ్చ జిగురు, దాని నిండా ఈగలు! పక్కనే మట్టిలో సగం కూరుకుని కోడిగుడ్డంత ఉండలు రెండు. మావాడు ఒకదాన్ని చేత్తో నొక్కేశాడు. రెండుసార్లు సబ్బుతో కడిగినా నాకు టెన్షన్ తగ్గలేదు. విషమా అండీ? ఆవిడ పీకేసి బ్లీచింగ్ చల్లుతానంటోంది.

జవాబు (రిటైర్డ్ బోటనీ లెక్చరర్, రామచంద్రపురం):
కంగారు పడకమ్మా. ముట్టుకుంటే విషం ఎక్కదు, చేతులు కడిగావు, చాలు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది ఫాలస్ ఇండూసియేటస్ అనే పుట్టగొడుగు. 1798లో వెంటెనా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరు. మామూలు పుట్టగొడుగులు స్పోర్లను, అంటే విత్తనాల్లాంటి సన్నటి పొడిని, గాలికి వదులుతాయి. దీనివి ఆ జిగురులో ఉంటాయి. కుళ్లు వాసనకి ఈగలు వాలి, జిగురు తిని, స్పోర్లను వేరేచోటికి మోస్తాయి. జిగురు అయిపోతే కంపూ పోతుంది. బాబు నొక్కింది దాని మొగ్గ. పగిలాక కొన్ని గంటల్లోనే కాడ లేచి నిలబడుతుంది. అసలు జీవి నేలలో తెల్లటి దారాల్లా పాకి, రాలిన ఆకునీ పుల్లనీ మట్టి చేస్తుంది. దాని మీద బ్లీచింగ్ ఎందుకమ్మా?

జవాబు (అంబాజీపేట రైతు):
మా తోటలో కొబ్బరి డొక్కలు పోగేసిన చోట వానాకాలం ఇవే లేస్తాయండి. ఇంటి దగ్గరి పోగు తీసి గట్టు అవతల వేశాక ఇటువైపు తగ్గాయి. మాస్టారూ, ఆ గుడ్లు పుట్టకొక్కుల్లా తినొచ్చా? మా కూలీలు అడుగుతున్నారు.

జవాబు (లెక్చరర్):
వద్దని గట్టిగా చెప్పండి. చైనాలో దీని తల తీసి, ఎండబెట్టి వండుకుంటారు, నిజమే. కానీ ప్రాణం తీసే అమానిటా గొడుగులు కూడా లేతగా ఉన్నప్పుడు తెల్లగుడ్డులాగే ఉంటాయి. కంటితో చూసి తేల్చుకునే పని కాదిది.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ మాస్టారూ. ఇవాళ ఆరింటికే వెళ్లాం. కాడ వాలిపోయింది, వాసన దాదాపు లేదు. బ్లీచింగ్ వద్దని ఊడ్చే ఆవిడని బతిమాలాను, ఒప్పుకుంది. మావాడు నొక్కని గుడ్డు పైన సన్నగా చీలింది. రేపు ఇంకా పెందలాడే వెళ్తాం.